పాత కంప్యూటర్లతో కాలనీలో ట్రైనింగ్ మొదలుపెట్టాలంటే: విజయవాడ అనుభవం

గుంటూరులో మీ కాలనీ వాళ్ళంతా కలిసి ఆఫీసుల్లో మూలనపడ్డ కంప్యూటర్లు సేకరించి, బాగుచేయించి పేద పిల్లలకు ఇద్దామనుకుంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థతో ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నాకు తెలిసింది చెప్తానండి.

సేకరణతో మాత్రం మొదలుపెట్టకండి. ముందు రిపేరు బల్ల వేయండి, నేర్చుకునే పిల్లల్ని ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టండి. మేం తిరగేసి చేశాం. వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టేసరికి రెండు వారాల్లో గది నిండిపోయింది. 22 సీపీయూలు వస్తే నడిచినవి 9. మెకానిక్‌కి డబ్బులిచ్చి మరికొన్ని బాగుచేయించి, ఒక బడికి 5 ఇచ్చాం. మూడు నెలల తర్వాత వెళ్తే నాలుగింటి మీద గుడ్డ కప్పి ఉంది. పెద్ద రిపేర్లేం కావు, కానీ మూత విప్పి చూసే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. ఆ రోజు చాలా బాధేసింది.

అప్పట్నుంచి రిపేరే మా మొదటి పాఠం. ఇంటర్ చదివే ఒకమ్మాయికి మొదటి రోజు సీపీయూ ముట్టుకోవాలంటేనే టెన్షన్. స్విచ్ వేస్తే ఆగకుండా బీప్‌లు, తెర నల్లగా ఉంది. ప్లగ్గు తీయించి, ర్యామ్ (మెమరీ చిప్పులుండే పట్టీ) బయటికి లాగించి, దాని అంచున ఉండే బంగారు రంగు గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దమన్నాం. రుద్ది, పొడి ఊది, టక్కుమనేదాకా నొక్కి పెట్టింది. ఈసారి ఒక్కటే చిన్న బీప్, తెర వెలిగింది. ఇప్పుడు కొత్త బ్యాచ్‌కి ఆ పాఠం చెప్పేది తనే.

మా దగ్గరికి వచ్చేవాటిలో చాలా భాగం ఇలాంటి చిన్న జబ్బులే. ఫ్యాన్‌లో దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని లాగేది, మన ఎండలకు ఇది ఎండక తప్పదు), అయిపోయిన బిళ్ల బ్యాటరీ. ఆ బ్యాటరీ పోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లి వెబ్‌సైట్లు తెరుచుకోవు, అందరూ నెట్ పోయిందనుకుంటారు. పవర్ సప్లై డబ్బా మాత్రం పిల్లల చేత విప్పించకండి. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా ఏరియా మునిగినప్పుడు బురద నిండిన సీపీయూలు తెచ్చి ఇచ్చారు. వాటి పవర్ సప్లైలన్నీ తుక్కులో వేశాం. కడిగి, బాగా ఆరబెట్టాక కొన్ని ర్యాములు, ప్రాసెసర్లు పనిచేశాయి.

మంచి మిషన్లు దొరకడానికి ఇదే సమయం. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ తరం కంటే పాతవి దాదాపుగా పనికిరావు. అందుకే బాగా నడిచేవాటిని కూడా ఆఫీసులు తీసేస్తున్నాయి. 4 జీబీ ర్యామ్ ఉంటే ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కు కంటే వేగంగా నడిచే డిస్కు) వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే తేలికపాటి లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కించండి, హాయిగా నడుస్తుంది. కానీ మన ఊళ్లలో కొట్ల యజమానులు ముందు అడిగేది ట్యాలీయే (విండోస్‌లో నడిచే అకౌంట్ల సాఫ్ట్‌వేర్) కాబట్టి, లైసెన్సు ఉన్న విండోస్‌తో రెండు మిషన్లు విడిగా ఉంచుకోండి.

డిస్కుల విషయంలో నేను మొహమాటపడను. ఒకసారి మేం పైపైన చెరిపే క్విక్ ఫార్మాట్‌తో సరిపెట్టిన డిస్కులోంచి మా కుర్రాడు సరదాగా రికవరీ చేస్తే, ఇచ్చినవాళ్ళ కుటుంబం ఫోటోలు, ఆధార్ స్కాన్లు బయటికొచ్చాయి. తప్పు మాదే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు హార్డ్‌డిస్కు మొత్తం ఓవర్‌రైట్ చేస్తాం (పాత డేటా మీద వేరేది రాస్తాం), ఎస్‌ఎస్‌డీకి అంతా పూర్తిగా చెరిపే సెక్యూర్ ఎరేజ్ కమాండ్ వాడతాం, చచ్చిన డిస్కుకు డ్రిల్లింగ్ మిషన్‌తో చిల్లులు వేస్తాం. ఎవరిచ్చారు, సీరియల్ నంబరెంత, ఎప్పుడు తుడిచాం, ఎవరికి వెళ్లింది, అంతా రిజిస్టర్లో రాస్తాం.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2022 ఈ-వేస్ట్ (పారేసే ఎలక్ట్రానిక్ సామాన్ల) నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. రీసైక్లర్లే కాదు, బాగుచేసి ఇచ్చే రీఫర్బిషర్లు కూడా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో నమోదు కావాలి. పెద్ద ఆఫీసులు తమ ఈ-వేస్ట్‌ను అలా నమోదైనవాళ్ళకే ఇవ్వాలి. కాబట్టి ఆఫీసుల తలుపు తట్టేముందు ఆ పని చూసుకోండి. పనికిరానివి కూడా నమోదైన రీసైక్లర్‌కే పంపండి. పాత సామాన్ల బండికి వేస్తే వైర్లు ఏ ఖాళీ స్థలంలోనో తగలబడతాయి, ఆ పొగ పీల్చేది మన పిల్లలే. పాత డబ్బా మానిటర్ల గాజులో సీసం ఉంటుంది, పగలకుండా చూడండి. యూపీఎస్ బ్యాటరీలు బ్యాటరీ షాపు వాళ్ళు తీసుకుంటారు.

క్లాసులు సాయంత్రం 6 నుంచి 8 దాకా. ఒక్కో మిషన్‌కి ఇద్దరికి మించి వద్దు. తెలుగు టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో, యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా కనిపించే తెలుగు) నేర్పండి. డీటీపీ (ప్రింటింగుకు పేజీలు కంపోజ్ చేసే) పనికి వెళ్లేవాళ్ళకు అక్కడ వాడే అను ఫాంట్లు తర్వాత ఎలాగూ వస్తాయి. ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లో లెక్కలు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఓటీపీ మోసాలు, మా దగ్గర ఆడవాళ్ళు ఎక్కువగా అడిగి నేర్చుకునేవి ఇవే.

కోర్సు పూర్తిచేసిన వాళ్ళకే మిషన్ ఇంటికి ఇస్తాం. ఏది ఇస్తామో అది వాళ్ళ చేతుల మీదే విప్పి, బిగించి ఉండాలి. దాంతో పాటు ఒక స్క్రూడ్రైవరు, ఒక పెన్సిల్ రబ్బరు కూడా ఇస్తాం.