లైనక్స్‌లో విండోస్ గేమ్ ఎందుకు ఈడ్చుకుపోతోంది?

ప్రశ్న: ఉబుంటు లైనక్స్‌లో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే మరో నకిలీ కంప్యూటర్) పెట్టి విండోస్ ఎక్కించాను. 16 జీబీ ర్యామ్‌లో 8 దానికే ఇచ్చినా గేమ్ నత్తనడకే. ఏం చేయాలండీ?

జవాబు: ర్యామ్ పెంచినా లాభం లేదు. మామూలుగా వర్చువల్ మెషీన్‌కు మీ గ్రాఫిక్స్ కార్డు నేరుగా అందదు. త్రీడీ పనిలో ఎక్కువ భాగం ప్రాసెసర్ మీద పడుతుంది. కార్డును పూర్తిగా దానికే అప్పగించే పాస్‌త్రూ పద్ధతి ఉంది. దానికి బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్) ఇంటెల్ ప్రాసెసర్ అయితే వీటీ-డీ, ఏఎండీ అయితే ఐఓఎంఎంయూ అనే సెట్టింగ్ ఆన్ చేయాలి, లైనక్స్ తెరకు మరో గ్రాఫిక్స్ ఉంటే మేలు. ఒక్క గేమ్ కోసం అంత తంటా ఎందుకు?

ముందు గేమ్‌ల యాప్ స్టీమ్ సెట్టింగ్స్‌లో, కంపాటిబిలిటీ కింద ప్రోటాన్ (విండోస్ గేమ్‌లను లైనక్స్‌లో నడిపించే సాధనం) ఎంచుకుని లైనక్స్‌లోనే నడిపి చూడండి. ఉబుంటులో యాప్‌లు స్నాప్, డెబ్ అనే రెండు రకాల ప్యాకేజీలుగా దొరుకుతాయి; స్టీమ్‌ను స్నాప్‌గా కాక డెబ్‌గా వేసుకోండి. గేమ్‌ను విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ డ్రైవ్‌లో ఉంచితే చాలాసార్లు తెరుచుకోదు; లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ డ్రైవ్‌లో పెట్టండి. మీ గేమ్ వాలరెంట్ అయితే మాత్రం వర్చువల్ మెషీన్, ప్రోటాన్ రెండు దారులూ మూసే ఉన్నాయి, దాని యాంటీచీట్ (మోసాలను పట్టే ప్రోగ్రామ్) ఒప్పుకోదు.