మ్యూజియంలో టీన్ ప్రోగ్రామ్స్ ఫెలోషిప్: సంతకం పెట్టే ముందు, పనిలో దిగాక

అమెరికాలో ఆర్ట్ హిస్టరీ, ఫైన్ ఆర్ట్స్, ఆర్ట్ ఎడ్యుకేషన్, మ్యూజియం స్టడీస్ చదువుతున్న మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది: “ఆర్ట్ మ్యూజియంలో టీన్ ప్రోగ్రామ్స్ ఫెలో కావాలని ప్రకటన చూశాం. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు అప్లై చేయొచ్చా? ఓపీటీకి (చదువయ్యాక దొరికే ఏడాది పని అనుమతికి) చెల్లుతుందా? అసలు అక్కడ పనేమిటి?”

చేయొచ్చు, చెల్లుతుంది. హైస్కూల్ పిల్లలకు మ్యూజియంలో ఆర్ట్ సెషన్లు నడిపే పని, చాలా మంచి పని కూడా. కానీ తేదీల లెక్క చూసుకోకుండా ఒప్పుకుంటే స్టేటస్‌కే ఎసరు పెడుతుంది కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం.

ఈ ఫెలోషిప్‌లు ఎక్కువగా స్కూళ్ల క్యాలెండర్‌ని బట్టి నడుస్తాయి. సెప్టెంబర్‌లో మొదలై మే, జూన్‌లలో ముగుస్తాయి. మీ చదువేమో మేలోనే అయిపోతుంది. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) మీద ప్రోగ్రామ్ ముగింపు తేదీ మే 15 అనుకోండి. ఓపీటీ దరఖాస్తు దానికి 90 రోజుల ముందు నుంచి 60 రోజుల తర్వాత వరకు పెట్టుకోవచ్చు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓ, ప్రభుత్వ విద్యార్థి రికార్డుల వ్యవస్థ సెవిస్‌లో సిఫారసు ఎక్కించిన 30 రోజుల్లోపు దరఖాస్తు ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి చేరాలి. ఓపీటీ ఏ రోజు మొదలవ్వాలో మీరే కోరుకుంటారు, మే 16 నుంచి జులై 14 లోపు ఏ రోజైనా సరే. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పని అనుమతి కార్డు (ఈఏడీ) తొందరగా వస్తే మంచిది కదా అని జూన్ 1 రాసేస్తారు. ఫెలోషిప్ సెప్టెంబర్ 8న మొదలైతే, మధ్యలో 99 రోజులు ఖాళీ. మామూలు ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం కలిపి 90 రోజులే. అదే జులై 14 అని రాస్తే 56 రోజులే పోతాయి. ఓపీటీ మరుసటి జులై 13 దాకా ఉంటుంది కాబట్టి జూన్‌లో ముగిసే ఫెలోషిప్ అందులో ఇమిడిపోతుంది.

ఇప్పటికే జూన్ తేదీ పడిపోయిందా? కంగారు పడకండి. మామూలు ఓపీటీలో మీ చదువుకు సంబంధించిన పని, కార్మిక చట్టాలకు లోబడి, జీతం లేకుండా చేసినా లెక్కలోకి వస్తుంది. వారానికి కనీసం 20 గంటలు ఉండాలి. వేసవిలో ఒక లాభాపేక్ష లేని ఆర్ట్ సంస్థలో పిల్లల క్యాంపుకు వాలంటీర్‌గా చేరి, ఎన్ని గంటలు, ఏం చేశారు అని వాళ్ల లెటర్‌హెడ్ మీద రాయించుకుని దాచుకోండి. ఆ 20 గంటల నియమం ఫెలోషిప్‌కీ వర్తిస్తుంది. కొన్ని ఫెలోషిప్‌లు వారానికి 15 గంటలే ఇస్తాయి. అప్పుడు చదువుకు సంబంధించిన రెండో పని కలుపుకోవాలి. శీతాకాలపు సెలవుల్లో టీన్స్ రారు కాబట్టి ఆ రెండు వారాలు ప్లానింగ్ గంటలు ఇస్తారా అని ముందే అడగండి.

చేరిన 10 రోజుల్లోపు సెవ్‌ప్ పోర్టల్‌లో (ఓపీటీ వాళ్లు వివరాలు నింపే ప్రభుత్వ వెబ్‌సైట్) ఎంప్లాయర్ వివరాలు, పనికీ డిగ్రీకీ ఉన్న సంబంధం రాయాలి. “మ్యూజియంలో పని” అని ఒక్క ముక్కతో వదిలేయకండి. మీ కోర్సుల్లో ఏది ఏ పనికి పనికొస్తోందో రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. కంప్యూటర్ సైన్స్ చేసినవాళ్లకు ఈ ఫెలోషిప్ మామూలుగా కుదరదు. క్రియేటివ్ కోడింగ్, డిజిటల్ మీడియా నేర్పే ల్యాబ్ నడిపించే ఉద్యోగమైతే ఆలోచించవచ్చు. ఆర్ట్ డిగ్రీల్లో ఎక్కువ భాగం, ఓపీటీ పొడిగింపు దొరికే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉండవు, ఐ-20 మీద మీ చదువు రంగాన్ని తెలిపే సీఐపీ కోడ్ చూసుకోండి. స్టెమ్ పొడిగింపులో ఉన్నవాళ్లకైతే జీతం తప్పనిసరి, మ్యూజియం ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 శిక్షణ ప్రణాళిక మీద సంతకం చేయడానికి ఒప్పుకోవాలి.

జీతం దగ్గర మొహమాటపడకండి. ఆర్ట్ మ్యూజియం డైరెక్టర్ల సంఘమే 2019లో ఇంటర్న్‌లకు డబ్బు ఇవ్వాలని తీర్మానం చేసింది. “ఫెలోషిప్” అన్న మాట చూసి పన్ను దగ్గర కొందరు హెచ్‌ఆర్ వాళ్లే తికమకపడతారు. మీరు క్లాసులు తీసుకుంటున్నారు, టైమ్ షీట్ నింపుతున్నారు అంటే అది జీతం, డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను కోతల పత్రం) రావాలి. ఏ పనీ చేయించుకోకుండా ఇచ్చే గ్రాంట్ అయితే 1042-ఎస్ అనే పత్రం వస్తుంది, ఎఫ్-1 వాళ్లకు ఆ గ్రాంట్‌లోంచి సాధారణంగా 14 శాతం పన్ను పట్టుకుంటారు. రెండింటిలో మీది ఏదో ఆఫర్ లెటర్ వచ్చిన రోజే అడగండి. ఎఫ్-1లో మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్‌గా ఉన్నంతవరకు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కట్టక్కర్లేదు. మొదటి పే స్టబ్‌లో అవి కోసేసి ఉంటే వెంటనే పేరోల్‌కి చెప్పండి. వాళ్లు తిరిగి ఇవ్వకపోతేనే వాపసు కోరుతూ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి ఫారం 843 పంపే శ్రమ.

ఇక హెచ్-1బీ, అంటే ఉద్యోగ వీసా. ఏడాది ఫెలోషిప్‌కి స్పాన్సర్ చేస్తారని ఆశపెట్టుకోవద్దు. కానీ తర్వాతి ఉద్యోగం వెతికేటప్పుడు యేల్, హార్వర్డ్ లాంటి యూనివర్సిటీల సొంత మ్యూజియంలను ముందు చూడండి. ఉన్నత విద్యా సంస్థలకు హెచ్-1బీల వార్షిక సంఖ్యా పరిమితి వర్తించదు, లాటరీ బెడద లేదు.

దరఖాస్తు విషయానికొద్దాం. ప్రకటనలు అమెరికన్ అలయన్స్ ఆఫ్ మ్యూజియమ్స్ జాబ్ బోర్డులోనూ, మ్యూజియంల సొంత కెరీర్స్ పేజీల్లోనూ వస్తాయి. టీన్ ప్రోగ్రామ్స్, యూత్ ప్రోగ్రామ్స్, ఎడ్యుకేషన్ ఫెలో అనే మూడు మాటలతోనూ వెతకండి. రెజ్యుమె ఒక్క పేజీ, కవర్ లెటర్ ఒక్క పేజీ. ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు వద్దు. మనవాళ్ల రెజ్యుమెల్లో పెద్ద లోపం ఏమిటంటే, పెయింటింగ్ ఎగ్జిబిషన్లు వరుసగా రాసి, పిల్లలతో చేసిన పని అసలు రాయరు. ఎంపిక చేసేవాళ్లు చూసేది మీరు ఎంత బాగా గీస్తారని కాదు, పదహారేళ్ల పిల్లలు పదిహేను మంది ఉన్న గదిని నడపగలరా అని. మనబడిలో ఆదివారాలు తెలుగు చెప్పారా? రాయండి. ఎంతమంది, ఏ వయసు, వారానికి ఎన్ని గంటలు, ఎన్ని నెలలు, అన్నీ అంకెల్లో. కూచిపూడి క్లాసులో చిన్నపిల్లల్ని చూసుకున్నా, అపార్ట్‌మెంట్ పిల్లలకు లెక్కలు చెప్పినా అంతే.

ఇంటర్వ్యూలో 10, 15 నిమిషాల డెమో అడగవచ్చు. కొన్నిచోట్ల టీన్స్ కూడా ప్యానెల్లో కూర్చుంటారు. పెద్దవాళ్ల వైపే చూస్తూ జవాబులు చెప్తే పని అక్కడే చెడుతుంది. వెళ్లే ముందు ఈ రంగం చరిత్ర కాస్త తెలుసుకోండి. మినియాపొలిస్ వాకర్ ఆర్ట్ సెంటర్ 1996లో టీన్ ఆర్ట్స్ కౌన్సిల్ పెట్టింది, న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో యూత్ ఇన్‌సైట్స్ అనే టీన్ ప్రోగ్రామ్ 1997లో మొదలైంది. ఆ రెండూ, హ్యూస్టన్, లాస్ ఏంజెలెస్ మ్యూజియంలు మరో రెండూ కలిసి, తమ దగ్గర పెరిగిన పిల్లల మీద ఏళ్ల తర్వాత ఏ ప్రభావం మిగిలిందో పరిశీలించి 2015లో రూమ్ టు రైజ్ అనే నివేదిక వేశాయి. అది తిరగేసి వెళ్తే మీ జవాబుల్లో తేడా తెలుస్తుంది.

పనిలో చేరాక మీ చేతికి వచ్చేది సాధారణంగా 12 నుంచి 15 మంది హైస్కూల్ పిల్లలు, వారానికి ఒకటి రెండు సాయంత్రాలు. రెండు గంటల సెషన్‌ని ఇలా పంచుకోండి: పలకరింపులకు 10 నిమిషాలు, గ్యాలరీలో 35, తినడానికి 10, చేతిపనికి 50, సర్దుకుని మాట్లాడుకోవడానికి 15. తిండి దగ్గర పిసినారితనం వద్దు, ఉదయం నుంచి స్కూల్లో ఉండి వచ్చిన పిల్లలు ఆకలితో ఉంటారు. అలర్జీల జాబితా మొదటివారమే తీసుకుని అల్మరా తలుపు లోపల అంటించండి.

గ్యాలరీలో పెన్సిల్ మాత్రమే. పెన్ను, రంగులు, నీళ్ల సీసా బయటే ఉంచాలి. వీపు బ్యాగులు ముందుకు తగిలించుకోవాలి, లేదా లాకర్లో పెట్టాలి. ఏ గదికి ఎంతమందితో వెళ్తున్నారో సెక్యూరిటీకి ముందు రోజే మెయిల్ పెట్టండి. బొమ్మల మార్పిడి కోసం గది మూసేశారేమో కూడా అప్పుడే తెలుస్తుంది. తెలియక పదిహేను మందిని తీసుకెళ్లి మూసిన తలుపు ముందు నిలబడితే ఆ రోజు సెషన్ పోయినట్టే.

బొమ్మ ముందు నిలబడి పాఠం చెప్పేయాలన్న తపనే మనవాళ్లకు పెద్ద అడ్డంకి. విజువల్ థింకింగ్ స్ట్రాటజీస్ అని ఫిలిప్ యెనవైన్, అబిగేల్ హౌసెన్ రూపొందించిన పద్ధతి ఉంది, అందులో మూడే ప్రశ్నలు: ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? అలా అనడానికి నీకేం కనిపించింది? ఇంకా ఏం కనిపిస్తోంది? వాషింగ్టన్ ఫిలిప్స్ కలెక్షన్‌లో జేకబ్ లారెన్స్ 1940-41లో, నల్లజాతివాళ్లు దక్షిణాది నుంచి ఉత్తరాది నగరాలకు తరలిపోయిన గ్రేట్ మైగ్రేషన్ మీద వేసిన వలసల వరుస 60 బొమ్మల్లో బేసి సంఖ్యలవి ఉన్నాయి (సరి సంఖ్యలవి న్యూయార్క్ మోమా మ్యూజియంలో). మొదటి బొమ్మ ముందు పిల్లల్ని కూర్చోబెట్టారనుకోండి. రైల్వే స్టేషన్, కిక్కిరిసిన జనం, షికాగో, న్యూయార్క్, సెయింట్ లూయిస్ అని రాసి ఉన్న మూడు ద్వారాలు. మొదటి ప్రశ్న అడిగాక నోరు మూసుకుని మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం భరించలేక “ఇది గ్రేట్ మైగ్రేషన్...” అని మొదలుపెట్టారో, ఆ గంటంతా మీరే మాట్లాడాల్సి వస్తుంది. ఆగితే ఎవరో ఒకరు “వీళ్లందరూ తోసుకుంటున్నారు” అంటారు. అలా అనడానికి ఏం కనిపించిందని అడిగితే, ఒంగిన భుజాలు, ఒకే దిక్కుకు తిరిగిన తలలు, మూటలు వాళ్లే ఒక్కొక్కటిగా చూపిస్తారు. వాళ్లన్న మాటను మీ మాటల్లో మళ్లీ చెప్పి, బొమ్మలో ఆ చోటును దూరం నుంచి చూపించండి, వేలు ఫ్రేమ్ దగ్గరకు పోకూడదు. చరిత్ర చెప్పడానికి చివరి ఐదు నిమిషాలు చాలు. అప్పుడు వాళ్లే అడుగుతారు.

హాజరు తగ్గిందని మిమ్మల్ని మీరు నిందించుకునే ముందు స్కూల్ క్యాలెండర్ చూడండి. అక్టోబర్‌లో పీఎస్ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్ఏటీకి ముందు రాసేది), మే మొదటి రెండు వారాల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు. టీన్ నైట్ ఆ రోజుల్లో పెడితే ఎవరూ రారు.

పిల్లల భద్రత విషయంలో మాత్రం మన అలవాట్లు పక్కన పెట్టాలి. చేరే ముందు బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, వేలిముద్రలు అడగవచ్చు. ఒక్క పిల్లతోనో పిల్లాడితోనో తలుపు మూసిన గదిలో ఉండకూడదు. కారులో దింపకూడదు. సొంత ఇన్‌స్టాగ్రామ్‌లో, సొంత ఫోన్లో మెసేజ్‌లు వద్దు, మ్యూజియం అకౌంట్, గ్రూప్ మాత్రమే. ఫొటో అనుమతి పత్రం వేరు, ప్రోగ్రామ్ అనుమతి పత్రం వేరు. ఫొటో వద్దన్నవాళ్ల బ్యాడ్జీ మీద చిన్న రంగు స్టిక్కర్ అంటిస్తే ఫొటోగ్రాఫర్‌కి ఇబ్బంది ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో కొడుతున్నారనో, అంతకంటే ఘోరమైనదో ఎవరైనా చెప్పబోతూ “ఎవరికీ చెప్పనని మాటివ్వండి” అంటే, ఇవ్వకండి. ఇంటి గుట్టు మనకెందుకు అనుకోవడం ఇక్కడ కుదరదు. టెక్సస్, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో పిల్లలపై వేధింపు అనుమానం వస్తే ఎవరైనా సరే తెలియజేయాల్సిందే. సూపర్‌వైజర్‌కి చెప్పాను కదా అని ఊరుకుంటే చాలకపోవచ్చు, రాష్ట్ర హాట్‌లైన్‌కి మీరే ఫోన్ చేయాల్సి రావచ్చు. మొదటివారమే ఆ నంబర్ ఫోన్లో వేసుకోండి.

మన కుటుంబాలకు నేరుగా తగిలే సంగతి ఇంకొకటి. టీన్ కౌన్సిల్‌లో (మ్యూజియంకి సలహాలిస్తూ కార్యక్రమాలు నడిపే టీన్స్ బృందం) ఉన్న పిల్లలకు చాలా మ్యూజియంలు గంటల లెక్కన డబ్బు ఇస్తాయి. అప్పుడు ఐ-9 (పని అర్హత రుజువు చేసే ఫారం) నింపాలి. న్యూయార్క్‌లో 18 ఏళ్లలోపు వాళ్లకు వర్కింగ్ పేపర్స్ (మైనర్ల పని అనుమతి పత్రం) కూడా కావాలి. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబసభ్యుల వీసా) మీద ఉన్న పిల్లలకు పని అనుమతి ఉండదు. హెచ్-4 ఈఏడీ భార్యాభర్తలకే. అన్నీ నచ్చి ఎంపికైన పిల్ల, చేరే రోజున కాగితాలు లేక వెనక్కి పోవడం చూడలేని బాధ. పిల్లల్ని స్టేటస్ గురించి మీరు అడగకూడదు. దాని బదులు, దరఖాస్తు ఫారంలోనే “జీతం తీసుకోవడానికి ఈ కాగితాలు అవసరం, అవి లేనివాళ్లకు ఈ ఉచిత ప్రోగ్రామ్‌లు ఉన్నాయి” అని ఒక వాక్యం పెట్టించండి. జీతం బదులు గిఫ్ట్ కార్డు ఇచ్చేద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. పనికి బదులుగా ఇచ్చింది ఏదైనా జీతమే, రేపు ఆ పిల్ల వీసాకే చిక్కు.

ఏప్రిల్ వచ్చేసరికి సూపర్‌వైజర్‌ని రిఫరెన్స్ లెటర్ అడగండి, మేలో వాళ్లకు ఊపిరాడదు. మీ సెషన్ ప్లాన్‌లు, ఏ మెటీరియల్ ఎంత పట్టింది, ఏది కుదరలేదు అన్నవి ఒక ఫోల్డర్‌లో పెట్టి తర్వాతి ఫెలోకి అప్పగించండి. పిల్లల ముఖాలు లేని ఫొటోలతో ఒక కాపీ, మ్యూజియం అనుమతితో, మీ పోర్ట్‌ఫోలియోకి ఉంచుకోండి. ఆఖరి పనిరోజు తేదీని అదే వారం పోర్టల్‌లో వేయండి, మిగిలిన నిరుద్యోగ రోజుల లెక్క ఆ మరునాటి నుంచే మళ్లీ మొదలవుతుంది.