పుట్టింటి పొలం అమ్మి ఎన్నికల్లో నిలబడతానంటున్నారు

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా దర్శి నియోజకవర్గంలో ఒక పల్లెటూరు. సాగర్ కుడి కాలువ చివరి భూములకు నీళ్లు రావడం లేదని మా వారు రైతులను కూడగట్టి చాలాసార్లు ధర్నాలు చేశారు. ఆ పేరుతో వచ్చే శాసనసభ ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడతానంటున్నారు. ఖర్చులకు మా నాన్న పసుపు కుంకుమ కింద నాకిచ్చిన మూడెకరాలు అమ్మేద్దామంటున్నారు. కాదంటే ‘ప్రకాశం పంతులు ఆస్తి చూసుకున్నారా?’ అని అడుగుతున్నారు. అత్తయ్య కొడుకు వైపే. మా అన్నయ్య ఆయనతో మాటలు మానేశాడు. పాప ఇంటర్ చదువుతోంది. నన్నేం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఇంట్లో రెండు విషయాలు కలిసిపోయాయి. ఆయన పోటీ చేయడం ఒకటి, మీ పొలం అమ్మడం ఇంకొకటి. మొదటిదానికి సరే అనండి, రెండోదానికి వద్దనండి. నీళ్ల కోసం కొట్లాడిన మనిషికి అసెంబ్లీలో మాట్లాడాలనిపించడం తప్పేమీ కాదు. ఆ మాట ముందు మీ నోటి నుంచి ఆయన వినాలి. మీ అభ్యంతరమంతా తన మీద నమ్మకం లేకనే అని ఆయన అనుకుంటూ ఉండవచ్చు.

ఇక డబ్బు. నామినేషన్‌కు డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకైతే 5,000. స్వతంత్ర అభ్యర్థిని ఆ నియోజకవర్గపు ఓటర్లు పదిమంది ప్రతిపాదించాలి. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కూడా రాకపోతే డిపాజిట్ పోతుంది. వీటికి మూడెకరాలు అక్కర్లేదు కదా! మరి ఆ సొమ్ము దేనికో కాగితం మీద రాయమనండి. వాహనాలు, కరపత్రాలు, ఏజెంట్ల భోజనాలు అని రాస్తే కూర్చుని లెక్క వేయవచ్చు. ఖర్చు పరిమితి 40 లక్షలు ఉంది కాబట్టి అంతా పెట్టాలని ఎవరైనా నూరిపోస్తుంటే, పరిమితి అంటే అది దాటకూడదనే కానీ అంత ఖర్చు చేసి తీరాలని కాదని చెప్పండి. ఆ కాగితంలో ‘ఓటుకు ఇంత’ అన్న మాట కనబడితే మాత్రం అక్కడే ఆపేయండి. అది నేరం. పైగా కాలువ నీళ్ల కోసం ఆయన వెంట నడిచిన రైతులను అవమానించడం.

ప్రకాశం పంతులుగారి మాటకు బదులు చెప్పడానికి మీరు వెనకాడనక్కర్లేదు. ఆయన ‘స్వరాజ్య’ పత్రిక కోసం ధారపోసింది మద్రాసులో న్యాయవాదిగా తాను గడించిన సొమ్ము. రాష్ట్ర రాజకీయాల్లోకి రాకముందే రాజమండ్రి పురపాలక సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు కూడా. మీ వారికి పట్టున్నది ఏ ఊళ్లలో? దర్శి, దొనకొండ, కురిచేడు, ముండ్లమూరు, తాళ్లూరు: మండలాలు అయిదు. ముందు స్థానిక ఎన్నికల్లో నిలబడితే తన బలం తెలుస్తుంది, ఖర్చూ చేతిలో ఉంటుంది. నా మనసుకు ఇదే సరైన దారి. అయినా అసెంబ్లీకే అంటే, తన సంపాదనలోంచి ఎంత వరకు పెడతారో ఇప్పుడే తేల్చుకోండి. పాప చదువుకు దాచింది ఆ లెక్కలోకి రాకూడదు.

అప్పు తెస్తానంటే ప్రామిసరీ నోటు మీద మీ సంతకం చేయవద్దు. ఓడిపోయాక అప్పిచ్చినవారు మీ గడపకే వస్తారు. నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో భార్య ఆస్తులు, అప్పులు కూడా చూపాలి, దాన్ని ఎవరైనా చదవవచ్చు. పొలం, బంగారం వివరాలు ఊరందరికీ తెలియడం మీకు సమ్మతమో కాదో ముందే ఆలోచించుకోండి.

అత్తయ్యతో వాదన పెట్టుకోకండి. కొడుకు పదిమందిలో నిలబడాలని ఏ తల్లికి ఉండదు? పొలం సంగతి మాత్రం మీ భార్యాభర్తల మధ్యే తేలాలి.

ఒక్క పని ఆలస్యం చేయవద్దు. పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలాలు చాలా ఇళ్లలో నోటిమాట మీదే ఉండిపోతాయి. మీ మూడెకరాలకు రిజిస్టరైన దస్తావేజు ఉందా? పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది? మీ పేరున ఉంటే మీ సంతకం లేకుండా ఎవరూ అమ్మలేరు. లేకపోతే నాన్నగారితో మాట్లాడి రిజిస్టరు చేయించుకోండి, ఆ పనికి అన్నయ్యను తోడు తీసుకెళ్లండి. మీ వారికి చెప్పే వెళ్లండి, దాచవద్దు.