శుక్రవారం మాత్రం వద్దు

అమ్మణ్ణీ,

ఈ శుక్రవారం నలుగురు స్నేహితురాళ్ళతో చంద్రగిరి కోట చూడబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముందు ఆ రోజు మార్చు. శుక్రవారం అక్కడ మ్యూజియానికి సెలవు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఐదుగురు మిత్రుల్ని వెంటేసుకుని పోయి, మ్యూజియం ఉన్న రాజమహల్ తలుపుకున్న తాళం చూసి, చెట్టు కింద పెరుగన్నం తిని వెనక్కి వచ్చినాను. వాళ్ళు ఇప్పటికీ కలిస్తే ఆ తాళం మాటే ఎత్తుతారు.

శనివారం పోండి. తిరుపతి నుంచి గంట కూడా పట్టదు, బస్సులకు కొదవ లేదు. ఊళ్ళో దిగి ఆటో ఎక్కితే ఆ ఆటో ఆయన నంబరు అడిగి పెట్టుకోండి, తిరుగు ప్రయాణానికి పనికొస్తుంది.

అందరూ చేసే తప్పు ఒకటుంది. ముందు తోటలో ఫోటోలతో పొద్దు గడిపేసి, ఎండ నెత్తికెక్కినాక అలసిపోయి లోపలికి పోతారు. మీరు మ్యూజియం తెరవగానే రాజమహల్లోకి పోండి. గండికోట నుంచి తెచ్చిన శిల్పాలు కూడా అక్కడున్నాయి. వాటిని చూసినాక తల పైకెత్తి కప్పు చూడండి. మూడంతస్తుల మేడ, ఒక్క చెక్క దూలం లేదు! రాయి, ఇటుక, సున్నంతోనే కమానులు తిప్పి నిలబెట్టినారు. కమానులు సుల్తానుల పద్ధతి, పైన శిఖరాలేమో మన గుడి గోపురాల పోలిక. బయటికొచ్చినాక దూరంగా నిలబడి చూస్తే ఆ రెండూ ఎట్లా కలిసినాయో తెలుస్తుంది. ఫోటో అప్పుడు తీసుకోండి. రాణిమహల్ రెండంతస్తులే, దానికి ఎక్కువసేపు పట్టదు.

మీలో ఎవరైనా "ఇక్కడ ఏముంది?" అంటే ఈ రెండు ముక్కలు చెప్పు. 1485లో విజయనగర గద్దెనెక్కిన సాళువ నరసింహుడు అంతకుముందు ఏలింది ఈ చంద్రగిరినే. 1565లో తళ్ళికోట దగ్గర విజయనగరం ఓడిపోయినాక రాజధాని హంపి నుంచి పెనుకొండకు, తర్వాత ఇక్కడికి వచ్చింది. హంపి చేజారినాక కూడా రాయల కథ ఇంకొన్నాళ్ళు నడిచింది మన ఊరి పక్కనే. హంపికి పోవాలని ప్లాన్లు వేసే మనవాళ్ళకు ఇది కనబడదు, అదే నా బాధ.

కొండ మీది పాత గోడలు చూసి ఎక్కేద్దామని ఉబలాటపడొద్దు. పైకి పోనిస్తారో లేదో గేటు దగ్గర అడగండి. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో సంగతీ అక్కడే కనుక్కోండి. అది లేకపోతే చీకటి పడకముందే శ్రీనివాస మంగాపురం గుడి చూసుకుని ఇంటికి రావచ్చు.

నీళ్ళ సీసాలు మనిషికి రెండు. చెప్పులు పాతవే వేసుకో, కొత్తవి కరుస్తాయి. పులిహోర మీ అత్త చేసిస్తానంటోంది, శనివారం పొద్దున్నే ఇటు వచ్చి తీసుకుపో. నలుగురికి అని చెప్పినాను, మీరు ఐదుగురని ఇప్పుడు గుర్తొచ్చింది. బియ్యం ఇంకొంచెం పొయ్యమంటాలే.

మీ మామ