తలుపు దారి వెడల్పు చేసే ముందు ఆ గోడ లోడ్ మోస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

గోడ మందం చూసి కాదు, ఇల్లు పిల్లర్ల మీద కట్టిందా లేక గోడల మీదే స్లాబ్ వేశారా అన్నది చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. పిల్లర్లు, బీములు ఉంటే స్లాబ్ బరువు బీముల్లోంచి పిల్లర్లకి, అక్కణ్నుంచి పునాదికి పోతుంది, మధ్యలో ఇటుక గోడ మామూలుగా గదుల్ని విడదీయడానికే. పిల్లర్లు లేని పాత డాబాల్లో, పెంకుటిళ్లలో అలా కాదు, స్లాబో దూలాలో నేరుగా గోడ మీదే కూర్చుంటాయి.

ఉదాహరణకి పిల్లర్లు లేని డాబాలో హాలుకీ కిచెన్‌కీ మధ్య 3 అడుగుల దారిని 5 అడుగులు చేయాలనుకోండి, ముందు స్లాబ్ కింద జాకీలు పెట్టి, రెండు వైపులా కనీసం 6 అంగుళాలు గోడ మీదకి ఎక్కేలా కొత్త లింటెల్ (దారి పైన అడ్డంగా ఉండి పై బరువు మోసే చిన్న బీము) వేయాలి, దాని సైజు ఇంజనీరు చెప్పాలి, మేస్త్రీ అంచనా సరిపోదు. పిల్లర్ల ఇంట్లో కూడా పొడుగు లింటెల్ కావాల్సిందే, లేకపోతే పైనున్న ఇటుకలు జారిపోతాయి.

చాలామంది 9 అంగుళాల గోడైతే లోడ్ మోస్తుంది, నాలుగున్నరదైతే కొట్టేయొచ్చు అనుకుంటారు, అది తప్పు. పిల్లర్ల ఇంట్లో బయటి గోడలు 9 అంగుళాలున్నా ఎండావానల కోసమే, పాత ఇళ్లలో నాలుగున్నర గోడ మీద కూడా స్లాబ్ ఆని ఉండొచ్చు. ఇక హైదరాబాద్‌లో ఇప్పుడొస్తున్న మైవాన్ (ఇటుకల బదులు అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీట్ పోసి గోడలు కట్టే పద్ధతి) అపార్ట్‌మెంట్లలో సన్నగా కనిపించే ఆ కాంక్రీట్ గోడలే బిల్డింగ్‌ని మోస్తాయి, వాటి జోలికి అసలు వెళ్లొద్దు.