నాడీకణాల్లో కొవ్వు కూడా సందేశాలు మోస్తుందా?

మోస్తుంది, అదీ వెనక్కి. గ్లూటమేట్ లాంటి సందేశ రసాయనాలు చిన్న సంచుల్లో ముందే నింపి ఉంటాయి, సిగ్నల్ రాగానే అవతలి కణం వైపు విడుదలవుతాయి. 2-ఏజీ అనే కొవ్వు పదార్థానికి అలాంటి సంచీ లేదు. అందుకునే కణంలో కాల్షియం బాగా పెరిగినప్పుడు దాని పొరలోని కొవ్వు నుంచే అప్పటికప్పుడు తయారై, రెండు కణాలు కలిసే చోట (సినాప్స్) ఉన్న సన్నని సందు దాటి, పంపిన కణం దగ్గరికే ఎదురెళ్లి అక్కడ సందేశాన్ని అందుకునే సీబీ1 అనే రిసెప్టర్‌కి అతుక్కుంటుంది. దాంతో అక్కడ కాల్షియం లోపలికి రావడం తగ్గి సంచులు తెరుచుకోవడమూ తగ్గుతుంది, "ఇక చాల్లే, ఆపు" అన్నట్టు. ఈ సంగతి 2001లో బయటపడింది. గంజాయిలోని టీహెచ్‌సీ పట్టుకునేదీ ఈ రిసెప్టర్‌నే, కాకపోతే ఏ సినాప్స్‌లో అవసరమో అది చూసుకోదు. అన్నట్టు, ఇదే కుటుంబానికి చెందిన ఆనందమైడ్ 1992లో దొరికితే, దానికి సంస్కృతం 'ఆనంద' నుంచే పేరు పెట్టారు.