పిక్సెళ్లు పెరిగినా చోటు ఎందుకు తగ్గింది?

ప్రశ్న: ఖమ్మంలో చిన్న డీటీపీ సెంటరు నడుపుతున్నాను. 15.6 అంగుళాల పాత ల్యాప్‌టాప్ (1366×768) మూలపడడంతో 14 అంగుళాల కొత్తది (1920×1200) కొన్నాను. విండోస్ దానంతటదే స్కేలింగ్‌ను (తెర మీది అక్షరాలనూ బొమ్మలనూ పెద్దవి చేసి చూపే అమరికను) 150 శాతంగా పెట్టుకుంది. పిక్సెళ్లు రెట్టింపుకు మించినా ఎక్సెల్‌లో ఒక కాలమ్ తక్కువే కనిపిస్తోంది. 100 శాతానికి మారిస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పాత డీటీపీ ప్రోగ్రామేమో మసకబారింది. రిజల్యూషన్‌నే 1366×768కు తగ్గించమని ఒకరు చెప్పారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ తెరలో లోపం లేదు. పెరిగిన పిక్సెళ్లన్నీ అక్షరాన్ని నునుపుగా దిద్దడానికి ఖర్చవుతున్నాయి. 150 శాతం స్కేలింగ్‌లో, ఒక పిక్సెల్ మందాన గీయవలసిన గీతను విండోస్ ఒకటిన్నర పిక్సెళ్ల లెక్కన గీస్తుంది కాబట్టి, పనికి మిగిలే చోటు 1920నీ 1200నూ ఒకటిన్నరతో భాగిస్తే వచ్చే 1280×800 మాత్రమే. పాత తెరతో పోలిస్తే నిలువున 32 పెరిగి, అడ్డంగా 86 తగ్గాయి; ఎక్సెల్‌లో మామూలు కాలమ్ వెడల్పు 64 పిక్సెళ్లు కనుక మీకు తగ్గినది సరిగ్గా అదే.

రెండు కంప్యూటర్లను పోల్చేటప్పుడు చూడవలసింది కంటికి అందే అక్షరం ఎంత ఉందన్నది. మీ పాత తెరలో అంగుళానికి దాదాపు 100 పిక్సెళ్లు, కొత్తదానిలో దాదాపు 162. అంటే 100 శాతం దగ్గర అక్షరం పాతదానిలో 62 శాతానికి, 125 దగ్గర 78 శాతానికి కుంచించుకుపోతుంది. 150 దగ్గర 93 శాతం ఉంటుంది. రోజంతా తెర ముందు కూర్చునే మీకు అదే తగినదని నా అభిప్రాయం. ఎక్సెల్‌లో మరీ ఇరుకనిపిస్తే అక్కడి జూమ్‌ను మాత్రం 90కి తగ్గించుకోండి.

రిజల్యూషన్‌ను మాత్రం దయచేసి తగ్గించకండి. ఈ తెరలో 1920 చుక్కలు శాశ్వతంగా అమరి ఉంటాయి. 1366 పిక్సెళ్లను వాటి మీద పరచాలంటే ఒక్కోదానికి 1.4 చుక్కలు వస్తాయి గనుక ప్రతి అంచూ పక్కదానిలోకి పాకుతుంది. పైగా వెడల్పు, ఎత్తుల నిష్పత్తి పాత తెరకు 16:9, కొత్తదానికి 16:10 కావడం వల్ల బొమ్మ నిలువుగా సాగనైనా సాగుతుంది, లేదా పైనా కిందా నల్లపట్టీలు మిగులుతాయి. తెలుగు ప్రూఫులు దిద్దేవారికి ఇది చిన్న నష్టం కాదు. థకూ ధకూ మధ్య తేడా కడుపులోని ఒక చుక్కే. వత్తు కింద వత్తు పడిన చోట పాత తెరల మీద గీతలు కలిసిపోయేవి. శుభలేఖ అచ్చుకు వెళ్లకముందే ఆ తప్పు కనబడాలంటే మీకు ఈ నునుపు కావాలి.

ఇక మసకబారిన ప్రోగ్రామ్ సంగతి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 వంటివి అంగుళానికి 96 పిక్సెళ్ల పాత లెక్కలోనే తమ విండోను గీస్తాయి; విండోస్ దానిని ఫొటోను పెద్దది చేసినట్టు సాగదీస్తుంది. ప్రోగ్రామ్ షార్ట్‌కట్ మీద రైట్‌క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ‘ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్’ తెరవండి. కింద ఉన్న ‘ఓవర్‌రైడ్’ గడిలో టిక్ పెట్టి, ముందుగా ‘సిస్టమ్ (ఎన్‌హాన్స్‌డ్)’ ఎంచుకుని ప్రోగ్రామ్‌ను మూసి తెరవండి. కొన్ని పాత ప్రోగ్రాములలో దీనితో అక్షరాలు తేటపడతాయి. ఫలితం లేకపోతే ‘అప్లికేషన్’ ఎంచుకోండి. అక్షరం స్పష్టంగా వస్తుంది కాని, మెనూలు చిన్నవైపోతాయి.

వెడల్పు తప్పనిసరి అయితే 21.5 అంగుళాల 1920×1080 మానిటర్‌ను జతచేసి, దానికి 100 శాతం స్కేలింగ్ పెట్టండి. విండోస్ ఏ తెర స్కేలింగ్‌ను ఆ తెరకు విడిగా ఉంచుతుంది. ఆ మానిటర్‌లో అంగుళానికి దాదాపు 102 పిక్సెళ్లు ఉంటాయి కనుక అక్షరం మీ పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నంతే ఉంటుంది, అడ్డంగా మాత్రం మరో ఎనిమిది కాలమ్‌లు పడతాయి.